గుంతను ఇంగ్లీషుల ఏమంటరు

కోఠీలో మెట్ల కింద మా డీటీపీ షాపు.
ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, నేను.
పేజీకి ముప్పై రూపాయలు.

బాలనర్సుది మలక్‌పేట గంజు దగ్గర మిర్చి బజ్జీల బండి.
వానకు మూత కొట్టుకుపోయిన మ్యాన్‌హోల్లో
చక్రం దిగబడి, మూకుడు ఒరిగి
నూనె పాదం మీద పడిందట.
కట్టు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టుకుని వచ్చాడు.
"ఆఫీసోళ్లకు ఇంగ్లీషుల గట్టిగ రాయి మేడమ్."

గట్టిగానే రాశాను.
డిగ్రీ రోజుల్లో రోజుకు పది చొప్పున
నోటుబుక్కులో ఎక్కించుకున్న మాటలు,
ఇన్నేళ్లూ మడత విప్పని పట్టుచీరలు,
అన్నీ తీసి ఆ కాగితానికి కట్టబెట్టాను.
ఎగ్రీజియస్ అన్నాను. డిలిటీరియస్ అన్నాను.
గుంత అనడానికి మనసొప్పక
సబ్‌టెరేనియన్ అపర్చర్ అన్నాను.
చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు.
కౌంటర్లో క్లర్కు రెండుసార్లు చదివి
"ఇది గనుల ఆఫీసుకు పోవాలె, ఇక్కడ కాదు" అన్నాడట.

స్టూలు మీద కూచుని, కాలు చాపి,
"మేడమ్, గుంతను ఇంగ్లీషుల ఏమంటరు?"
హోల్.
"గంతేనా?"
అంతే.
"మరి గదే రాయకపోతివి."

హోల్ అని రాస్తే
నేను చదువుకున్నానని ఎవరికి తెలుస్తుంది?
పైకి అనలేదు. కీబోర్డు తుడిచాను.

దేర్ ఈజ్ ఎ హోల్ ఇన్ అవర్ రోడ్.
మై కార్ట్ ఫెల్ ఇన్. మై ఫుట్ ఈజ్ బర్న్‌డ్.
ప్లీజ్ క్లోజ్ ఇట్ బిఫోర్ ఎ చైల్డ్ ఫాల్స్.

వెంట వచ్చిన కూతురు అఖిల, ఆరో క్లాసు,
తెర మీద వేలు పెట్టి ఆగకుండా చదివేసింది.
తండ్రి కాగితం వంక కాదు, దాని వంక చూశాడు.
పేజీలో పావు కూడా నిండలేదు.
ముప్పై అడగడానికి నాకు నోరు రాలేదు.

మూత ఎప్పుడు వేస్తారో ఏమో.
శనివారం అటు పోతే,
గుంతలో ఎవరో వేపకొమ్మ గుచ్చారు, కొమ్మకు ఎర్రగుడ్డ.
ఆటోలు, బైకులు, రెండో నంబరు బస్సు,
ఒక్కటీ ఆగి అర్థం అడగడం లేదు.
చూస్తున్నాయి, పక్కకు తిప్పుకుంటున్నాయి.

బాలనర్సు డబ్బులు తీసుకోలేదు.
నాలుగు బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం
నా మొదటి దరఖాస్తు జిరాక్సు.
సబ్‌టెరేనియన్ దగ్గర నూనె బాగా పీల్చింది.
"మందం కాగితం మేడమ్," అన్నాడు,
"పనికొచ్చింది."