ఇంజిను దగ్గింది

ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇరవై రెండు నిమిషాలు.
ఈ ఫెర్రీ మీద నేను వాఫుల్స్ వేస్తాను,
గోధుమరంగు జున్ను పల్చగా చెక్కి పైన పరుస్తాను,
కాఫీ పోస్తాను, చిల్లరిస్తాను.
పందొమ్మిదేళ్లుగా ఇవే నీళ్లు,
ఇటొకసారి, అటొకసారి.

ఐవిన్ స్కార్‌బొ పోయిన వారం
ఇరవై రెండు నిమిషాలకో కారణం పుట్టింది మాకు.

పొద్దుటి ఏడున్నర ట్రిప్పులో పైలట్ తాగి ఉన్నాడు.
తిరుగు ట్రిప్పుకి తాగుడు దిగిపోయింది,
నిద్ర చాలలేదు, అంతే.
సాల్మన్ పెంచే కుర్రాళ్లు గద్ద తగిలిందన్నారు.
లారీ ఆర్న్‌ఫిన్ అయితే రెక్క ఎలా విరుగుతుందో
ప్లాస్టిక్ ఫోర్కు తిప్పి చూపించాడు.
ఫోర్కు పుటుక్కుమంది.
రుజువైపోయినట్టు నలుగురూ తలలూపారు.
అప్పులట. ఇన్సూరెన్సట. పెళ్లాంతో మాటల్లేవట.
"ఆయనే తొందరపెట్టి ఉంటాడు,
పెద్దవాళ్లకి ఆగడం చేతకాదు" అంది స్కూలు టీచరు,
తీపెక్కువైందని సగం వాఫుల్ నాకే తిరిగిస్తూ.

నూట ముప్పై మీటర్లు ఉత్త గాలిలో తేలి
రెండు స్కీల మీద మెత్తగా వాలిన మనిషి.
మా పిల్లలు కాళ్లకి చెక్కముక్కలు కట్టుకుని
పశువుల కొట్టం కప్పు మీంచి మంచులోకి దూకింది
ఆయన్ని చూసే.
అంతటివాడు పిడికెడు పొగమంచుకి పోతాడా?
పెద్ద చావుకి పెద్ద కారణం కావాలి.
చిన్నదైతే
ఎవరిమీద కోప్పడతాం?

మూడోరోజు మైకుతో ఒకమ్మాయి ఎక్కింది.
"ఫెర్రీ మీదుగానే వెళ్లిందటగా, ఏమైనా విన్నారా?"
చక్కెర ఎక్కడుంది అని తప్ప
పందొమ్మిదేళ్లలో నన్నెవరూ ఏమీ అడగలేదు.

"ఇంజిను దగ్గింది" అన్నాను.

ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట.
మా నాన్న పాత చేపలపడవ దగ్గేది చలికాలం పొద్దున్నే,
బహుశా అదే.
సాయంత్రానికి దగ్గు రెండుసార్లైంది.
మర్నాటికి నల్లపొగ తోడైంది.
"ఎవరో ఫెర్రీ మనిషి చెవులారా విన్నదట, తెలుసా?"
అని నాకే చెప్పారు.
తెలియదన్నట్టు విని, కప్పు నింపాను.

ఆ మెషీను ప్రతి మరా టుర్‌మోద్ తన చేత్తోనే బిగించేవాడు,
పరాయి చేతిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.
ఇంజిను దగ్గిందీ అంటే
టుర్‌మోద్ చూసుకోలేదూ అని.
ఆ అర్థం నేను చెప్పలేదు.
నా మాటే నడుచుకుంటూ వెళ్లి చెప్పింది.

అతని భార్య రాగ్న్‌హిల్ ఇప్పుడు పైకి రాదు.
కింద కార్ల మధ్య, నీలం కారులో,
అద్దాలెత్తుకుని కూర్చుంటుంది దాటినంతసేపూ.
ఒకరోజు కాఫీ పట్టుకెళ్లాను.
అద్దం రెండంగుళాలు దిగింది.
"నువ్వు విన్నావటగా."
తిడుతుందనుకున్నాను.
"ఎలా ఉంది ఆ చప్పుడు?
అదే కదా చివరిది... కాస్త సరిగ్గా చెప్పు."
గంట మోగింది. ర్యాంపు దిగింది.
వెనక కార్లు తొందరపడ్డాయి.

ఫిబ్రవరిలో రాజధాని నుంచి దర్యాప్తు అధికారి వచ్చాడు.
ఏం విన్నావని అడగలేదు.
ఎక్కడ నిలబడ్డావన్నాడు. ఇక్కడే.
అప్పుడు ఏమేం నడుస్తున్నాయి?
వాఫుల్ పెనాలు రెండు, రేడియో,
పైన పొగ లాగే ఫ్యాను.
"ఫ్యాను వెయ్యండి."
వేశాను.
ఆయన తలుపు దగ్గర నిలబడి ఏదో అన్నాడు.
పెదాలు కదలడం కనిపించింది.
"ఆఁ?" అన్నాను.
పుస్తకంలో ఒక్క ముక్క రాసుకుని
టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఇవాళ ఏడున్నరకి ఎవరో కొత్తగా
బ్యాటరీ గురించి మొదలెట్టారు.
నేను ఫ్యాను ఆపేశాను.
ట్రేలో రెండు కప్పులు పెట్టుకున్నాను.
కార్ల డెక్కుకి పద్నాలుగు మెట్లు.
తొమ్మిదో మెట్టు దగ్గర రెండూ తొణికాయి.
నీలం కారు అక్కడే ఉంది.
అవతలి ఒడ్డుకింకా పదిహేను నిమిషాలు.