పదిహేడు

నా చేతిలో ఉండేది చిన్న యంత్రం.
గుప్పెడు ధాన్యం పోసి మీట నొక్కితే
గింజలో ఎంత తడి ఉందో అంకెలో చెబుతుంది.
పదిహేడు దాటితే కొనకూడదు.
ఎవరు పెట్టారో ఆ పదిహేడు, నాకు తెలీదు.
ముమ్మిడివరం అవతల, కాలువ చివరి ఊళ్లో,
కళ్లం గట్టున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని
నాలుగు దాళ్వాలుగా దాన్ని చదివి వినిపిస్తున్నాను.

మొదటి ఏడు
పెదపూడి మార్తమ్మ ధాన్యం ఇరవై ఒకటి చూపించింది.
మూడెకరాల కౌలు. కాగితం లేదు.
పాస్‌బుక్కు కాకినాడలో ఉన్నాయనది,
మోకాలిలోతు బురద ఈమెది.
"ఆరబెట్టండమ్మా" అన్నాను.
"ఎక్కడండి బాబూ, రోడ్డు మీద కూడా జాగా లేదు."
పడమట మబ్బు లేచింది.
మిల్లు గుమస్తా బండి మీంచి కాలు దించకుండానే
బస్తాకి మూడొందలు కోసి బేరం చేశాడు.
పాత బాకీ చీటీ మీద ఆమె బొటనవేలు నొక్కించుకుని వెళ్లాడు.

ఆ పక్క వేలికే
మరుసటేడు సిరా పూశారు.

ఎన్నికల ఏడు కదా,
మాఘంలోనే లస్కరు ధనకోటి
ఎవరూ అడక్కుండా లాకు తలుపు ఎత్తాడు.
గుర్రపుడెక్కని తోసుకుంటూ నీళ్లు
మా శివారు దాకా నడిచొచ్చాయి.
గోనెలు రాత్రికి రాత్రే దిగాయి.
ఆగిపోయిన పాత డబ్బులు సెల్లుల్లో టింగుమన్నాయి.
నాకు పైనుంచి ఫోను:
"కాస్త చూసీ చూడనట్టు పోవయ్యా."
పోయాను.
ఇరవై రెండుని పదిహేడని రాస్తుంటే
నేనే ధర్మప్రభువునన్నట్టు ఉండేది నాకు, నిజం చెప్పొద్దూ.
నా కాంట్రాక్టు కూడా ఆ నెలలోనే పొడిగించారు.

మార్తమ్మ నవ్వింది.
"అయిదేళ్లకోపాలి గోదారికి మా ఊరు గుర్తొత్తాదండి."

సోమవారం పోలింగు.
ఆమె కుప్పలో సగం శనివారమే తూగింది, పదిహేడు.
మిగిలిన సగం బుధవారం తెచ్చింది.
అదే చేను, అదే కుప్ప, మధ్యలో చినుకైనా పడలేదు.
యంత్రం ఇరవై అంది.
నేనూ ఇరవై అన్నాను.
ఆమె నా మొహం చూడలేదు,
తన వేలి మీద సిరాని చూసుకుంది,
దాన్ని కూడా ఓసారి ఆ యంత్రంలో పెట్టి
ఎంత తడి ఉందో కనుక్కోవాలన్నట్టు.

ఇందులో నాకు తెగని చిక్కొకటుంది.
ఆమె అమ్మే ధాన్యం ధర పెరగాలి.
ఆమె ఇంట్లో ఉడికేది రేషను బియ్యం, అది చవగ్గా దొరకాలి.
కాలువ పూడిక తీయాలి, కరెంటు బిల్లు పెరక్కూడదు.
ఇన్ని కోరికలకి మీట ఒక్కటే, నొక్కే వేలు ఒక్కటే.
వాళ్లు మోసగాళ్లు, వీళ్లు అమాయకులు అనేస్తే
సులువే.
కానీ ఆ శనివారం నేను రాసిన పదిహేడు
అబద్ధమే అయినా
ఒక ఇంటి అప్పు తీర్చింది.

ఈ దాళ్వాకి ఆమె ఒక్కతే రాలేదు.
వెనకాల పదకొండు మంది, అందరూ కౌలు ఆడవాళ్లే.
చీర కొంగు ముడి విప్పి
బల్ల మీద పెట్టింది మార్తమ్మ:
నా యంత్రంలాంటిదే ఇంకోటి.
తలా వెయ్యి వేసుకుని
అమలాపురంలో కొన్నారట.

ఒకే గుప్పెడు, రెండు భాగాలు.
నాది పందొమ్మిది.
ఆమెది పదహారున్నర.

"ఏది నిజమండి?" అంది.
బ్యాటరీ అన్నాను, ఎండ అన్నాను, కంపెనీ తేడా అన్నాను.
"అయితే రెండూ ఒకే మాట చెప్పేదాకా
కూర్చుంటామండి" అని
నా కుర్చీలో కూర్చుంది.
మిగతావాళ్లు బస్తాల మీద.

లారీ ఇంజను ఆపేశాడు.
గుమస్తా ఈసారి కాలు కింద పెట్టాడు.

నాలుగేళ్లలో మొదటిసారి
ఫోను కింది నుంచి పైకి చేశాను.
"సార్, ఇక్కడ రెండో యంత్రం ఉంది."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత, మెల్లగా,
"ఎంతమంది ఉన్నారు?" అన్నారు.

తేమ ఎంతని అడగలేదు.