పాదసూచిక పదిహేడు

వ్యాసం తిరిగొచ్చింది.
పైన గుండుసూదితో ఒక కాగితం, పేరు లేని సమీక్షకుడు:
“నాలుగో పంక్తిలో ‘ఏఴు’ అని చదివారు.
ముద్రప్రతిలో అక్కడ అక్షరం కనబడదు.
ఆధారం చూపండి.”

ఆధారం జమ్మలమడుగు అవతల
పెన్న రేవులో మోకాళ్ల లోతున నిలబడి
దుప్పట్లు జాడిస్తా ఉంటుంది, సమీక్షకా.
పేరు సుంకులమ్మ.
ఆమె పుట్టక ముందే ఎవరో గుడిగోడ నుంచి పెరికి
రేవుకు దొర్లించిన బండ అది.
అత్త ఉతికింది, అత్తకు అత్త ఉతికింది.
రాత పైకి పెట్టుకుని ఉతికినారు,
మురికి బాగా వదుల్తాదని.

మొదటిసారి పోయినప్పుడు
తడికాగితం పరిచి కుచ్చుతో నేను తడతా ఉంటే నవ్వింది.
“మేడమ్మా, అట్ల కొడితే మురికి పోతాదా?”
మసి అద్దినాను.
నల్లటి కాగితంలో తెల్లగా లేచినాయి తొమ్మిది పంక్తులు,
నాలుగోదాని నడుమ మాత్రం
అరచేతి మందాన నలుపు, వట్టి నలుపు.
దాత పేరుంది. వంక పేరుంది.
‘మఱుతుర్లు నేల’ ఇచ్చినాడంట ఎవరో పాటగాడికి.
ఎన్ని మఱుతుర్లో, అదే పోయింది.

“యాడ పోయింది?” అని వంగి చూసింది.
“ఓ, ఆడనా! ఆడ సబ్బు ఇరుక్కునేది.
నేను కాపరానికొచ్చిన కొత్తల్లో
పొద్దుగూకినాంక పుల్లతో గీకి తీసేదాన్ని.
ఆ ముక్క నీళ్ల పాలైతే మా యత్త ఊరుకునేదా?”
తడి బండ మీద వేలు పెట్టింది.
ఒక సుడి, సుడి కడుపులో మెలిక.
వేలు ఆగలేదు, వెతుక్కోలేదు.
బడి గడప తొక్కని వేలు
మన నోళ్లు ఎప్పుడో మరిచిన అక్షరం రాసింది.
తడి ఆరే లోపల ఫోటో తీసుకున్నా.

ప్రొద్దుటూరులో ఇంతియాజ్ తల గోక్కున్నాడు.
“ఈ అక్షరం మా ఫాంటులో ల్యా మేడం.
‘డ’ పెడితే సరిపోదా?”
సరిపోదబ్బా. ‘డ’ అయిపోయే కదా అది మనకు దూరమైంది.
కడాకు బొమ్మగీసి అతికించినాడు,
పక్క అక్షరాలకంటే రవ్వంత లావుగా,
పెండ్లి పందిట్లో కొత్తల్లుడి మాదిరి.

ఇక ఆఖరి పంక్తి.
ఆమె అడగకుండా ఉంటే బాగుండు.
అడిగింది. “అడుగున ఏం రాసినారు?”
‘దీన్ని చెరిపినవాడు
కాశీలో వెయ్యి గోవులను చంపిన పాపాన పోవు.’
“ఇచ్చినోళ్లు చల్లగుండాలని, అంతే” అన్నాను.
ఇరవై ఏండ్ల చదువులో
తెలిసీ చెప్పిన తప్పుపాఠం ఇదొకటే.
దానికి చదరపు బ్రాకెట్టు ఎక్కడ పెట్టాలి?

అచ్చయింది. పాదసూచిక పదిహేడు:
‘ఈ పాఠానికి ఆధారం సుంకులమ్మ, రేవు, సుమారు అరవై ఏండ్లు, వేలిజ్ఞాపకం.’
సమీక్షకుడు ఎందుకో మారుమాట్లాడలేదు.

ప్రతి ఇద్దామని రేవుకు పోయినా.
“నా పేరు యాడ?”
“అడుగున.”
“అడుగున్నే మేలు. రేవులో పైన తేలేదంతా నురగే.”
మనవడు ఆరో తరగతి. గట్టిగా చదివినాడు,
నేను వద్దనే లోపల అనువాదం దాకా పోయినాడు.
కాశీ వచ్చింది. గోవులు వచ్చినాయి.

బండ మీద చప్పుడు ఆగింది.

“నలభై ఏండ్లు చెరిపింది నేనే కదా.”

నా నోట్లో తొమ్మిది పంక్తుల్లో ఒక్కటీ లేదు.
ఆమె దోసిటితో రాత మీద నీళ్లు పోసింది, ఆరేదాకా చూసింది.
“శాపం పెట్టినోడు ఒక దుప్పటన్నా ఉతికినాడా?” అనింది,
నన్ను కాదు.
తరువాతి దుప్పటి తీసుకుని
బండకు అవతలి కొసన నిలబడింది,
అక్షరాలు లేని వైపు.

అక్కడ రాయి నున్నగా ఉంది.
మురికి తొందరగా వదల్లేదు.