పెట్టెలో ఉండాల్సినవి

కొబువే రేవులో నన్ను జొసె అనేవారు.
ఆ పేరు నేనే పెట్టుకున్నాను,
దిగిన పూటే, తడి లాగు పిండుకుంటూ.
ఐదు నెలలు వలలు అల్లాను, బొగ్గు కాల్చాను.
సరస్సు దాటించమని ఎవరైనా అడిగితే
నాకు పడవ నడపడం రాదన్నాను.

చీకటి పడితే ఎదురుగా లికోమా దీవి దీపాలు.
అటు చూడకూడదని
గుడిసె తలుపు కొండవైపు పెట్టుకున్నాను.
అయినా దాహం వేస్తుంది కదా.
ఆ ఒడ్డున నగామా బట్టలుతికిన నీళ్ళే
ఈ ఒడ్డుకొచ్చి నా కుండలో కూర్చునేవి.

ప్రార్థన చేయలేదనుకోకండి.
మోకాళ్ళు కాయలు కాచేలా చేశాను.
"ప్రభువా, నా పాపం" అనేవాణ్ణి.
పాపం అన్న మాట ఎంత వీలైన సంచీనో!
లోపల ఏం వేసినా బయటికి కనబడదు.
ఆయన ఏమీ అనేవాడు కాదు.
ఖాళీ వల పైకి లాగినప్పుడు చేతికి తెలిసే తేలిక,
నా ఆమెన్ అంత తేలిగ్గా ఉండేది.

ఒకనాడు ఉసీపా చేపలు ఎండబోస్తూ
ఎందుకో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ఆరు దగ్గర చెయ్యి ఆగింది.

ఆరు.
పడవ ముక్కు దగ్గరి పెట్టెలో
ఉండాల్సిన లైఫ్ జాకెట్లు ఆరు.
నారింజ రంగువి, సర్కారు ముద్ర ఉన్నవి.
ఈస్టరుకు ముందే అమ్మేశాను.
ఆ చోట మొక్కజొన్న పిండి బస్తా ఇమిడింది.
మ్వెరా గాలి లేచిన సాయంత్రం
అందరూ అరుస్తుంటే ఆ పెట్టె తెరిచాను,
ఏముంటుందో తెలిసీ తెరిచాను.
ఎనిఫాకు తొమ్మిదేళ్ళు.
కొత్త చెప్పులు తడుస్తాయని
ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

జనం గాలిని తిట్టారు. నేనూ తిట్టాను.
తెల్లారేసరికి సరస్సుకు ఈవల ఉన్నాను.

ఎండు చేపల ముందు కూర్చుని అప్పుడనుకున్నాను:
ఆయన నా మాట వినకపోవడం కాదు,
నేను పిలిచిన చోట ఆయన లేడు.
ఐదు నెలలుగా నగామా వాకిట్లో కూర్చుని ఉన్నాడు.
నాతో ఏం మాట్లాడాలన్నా
అక్కడికే రమ్మంటున్నాడు.

అరువు దోనెలో మూడు గంటలు తెడ్డేశాను.
రాతి చర్చి గోడ మీద ఎండ ఎక్కుతోంది.
కాళ్ళు వెనక్కే లాగాయి, అబద్ధమెందుకు.
బావొబాబ్ చెట్టు చాటున నిలబడబోయాను.
అక్టోబరు. ఒక్క ఆకు లేదు.

నగామా కర్రపెండలం చెక్కు తీస్తోంది.
"ఆ రోజు గాలి..." అన్నాను.
నాలుక ఇంకా పాత దారే పట్టింది.
ఆపి, మళ్ళీ మొదలుపెట్టాను.
"పెట్టెలో జాకెట్లు లేవు. నేనే అమ్ముకున్నాను."
కత్తి ఆగింది.
"ఎన్ని?"
"ఆరు."
"ఎంతకు?"
చెప్పాను.
ఆ అంకె ఆమె పెదవుల మీద ఒకసారి కదిలింది,
సంతలో ధర అడిగి
కొనలేక వెళ్ళిపోయేవాళ్ళకు కదిలినట్టు.
తర్వాత మళ్ళీ చెక్కు తీసింది.
క్షమించానని అనలేదు. పొమ్మనీ అనలేదు.
నేనూ అడగలేదు.
అడిగే వంతు నాది కాదు.

ఠాణా బల్ల మీద పాదిరి చిపెతా పక్కన కూర్చున్నాడు.
వాక్యం తీయలేదు, భుజం తట్టలేదు,
మెడ మీద చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడంతే.
కానిస్టేబుల్ పుస్తకం తెరిచాడు.
కలం పారక రెండుసార్లు విదిలించి
"పేరు?" అన్నాడు.

జొసె నాలుక కొసదాకా వచ్చాడు.

"లామెక్" అన్నాను,
ఈ సరస్సులోనే ముంచి లేపి
ఒకప్పుడు నాకిచ్చిన పేరు.

"వినబడలేదు" అన్నాడు తలెత్తకుండా.

మళ్ళీ చెప్పాను.