ఇనుప రజను

నొప్పి కాదు డాక్టరమ్మా,
నొప్పయితే పేరు పెట్టి తిట్టేదాన్ని.
పిక్కల లోపల, ఎముక పక్కన ఎక్కడో
గోళీసోడా కొట్టినట్టు ఒకటే బుసబుస.
గోకుదామంటే చర్మం మీద లేదు,
పిసుకుదామంటే చేతికి దొరకదు.
కాలు జాడిస్తే పోతుంది.
పోయి, దిండు మీద తల ఆన్చేలోపు
తన ఇల్లే అన్నట్టు తిరిగొస్తుంది.

ద్వారకానగర్ చీరల కొట్లో పది గంటలు నిలబడతాను.
"అందుకేనే నూకరత్నం" అంటారు అందరూ.
కాదు, నిలబడ్డంతసేపూ నా కాళ్లు బంగారం.
సాయంత్రం బస్సులో సీటు దొరికిందా,
అదీ నా ఖర్మ.
జగదాంబ దాటకముందే లేచి
ఎవరో పెద్దాయనకి ఇచ్చేస్తాను.
ఎంత మంచిదో అనుకుంటారు.

రాత్రి రెండింటికి కోటవీధి
నాకు తెలిసినంతగా మునిసిపాలిటీకి కూడా తెలీదు.
మా గుమ్మం నుంచి వీధి మలుపు దాకా
మూడొందల నలభై అడుగులు.
రెండో ఇంటి అరుగు మీద కుక్క
మొదట్లో మొరిగేది, ఇప్పుడు తోక కూడా ఊపదు.
కొండ మీది లైట్‌హౌసు వెలుగు
గోడని ఓసారి తుడిచి పోతుంది.
దానికీ నిద్ర లేదు. కానీ దానికది ఉద్యోగం.
ఐసు పెట్టెలతో హార్బరుకి పోయేవాళ్లు
"ఏటప్పా, ఇంకా తొంగోలేదేటి?" అని
జవాబు కోసం ఆగకుండా పోతారు.

మా ఆయన పక్క వేరుగా వేసుకుని ఆరేళ్లు.
నిద్రలో తంతున్నానట,
నిమిషానికి రెండుసార్లు. లెక్కపెట్టాడు పాపం.
కూర్చుని కాళ్లూపితే దరిద్రమంది మా అత్త.
దరిద్రం ముందే వచ్చిందత్తా,
కాళ్లు తర్వాత ఊగాయి.

కేజీహెచ్‌లో ఆ కుర్ర డాక్టరమ్మ
కాళ్లకేసి చూడనేలేదు.
కింది రెప్ప లాగి చూసింది. రక్తం తీయించింది.
ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటిందమ్మా అంది.

నవ్వొచ్చింది నాకు.
కొండల్లోంచి గూడ్సుబళ్లు తెచ్చి పోర్టులో కుమ్మరించే ఖనిజం,
ఆరేసిన బట్టల మీద దాని రజను,
పోపులడబ్బా మూత మీద,
తుడిచిన గంటకే మళ్లీ కిటికీ చువ్వల మీద.
ఓడల కొద్దీ ఏ దేశానికో పోతుందది.
నా నెత్తుట్లో మాత్రం చెంచాడు లేదట.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

లేదండీ అనబోయాను.

మా అమ్మ దేముడమ్మ
సినిమాకెళ్తే టిక్కెట్టు కొని మరీ
హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడేది.
కాలుకాలిన పిల్లి అనేవారు ఇంట్లో.
కాలు నిలవని మనిషి అనేవారు వీధిలో,
ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది.
రాత్రిపూట వీధిలో ఆడదేంటని
నాన్న గడపకి తాళం వేశాడు.
అప్పట్నించి గదిలోనే నడిచింది,
గోడ నుంచి గోడకి.
చెంగు చింపి పిక్కలు బిగించి కట్టుకుంటుంటే
పక్క చాప మీంచి చూశాను.
చూసి, కళ్లు మూసుకున్నాను.
నాకు పదకొండేళ్లు. నేనూ ఆ రెండో అర్థమే నమ్మాను.

"మా అమ్మకి ఉండేదండీ" అన్నాను.
ఆ మాట నా నోటినుంచి విన్నాకే నాకు తెలిసింది.

ఇప్పుడు నిమ్మరసంతో ఇనుము బిళ్ల.
దాని ముందూ వెనకా టీ తాగకూడదు,
అదొక్కటే నా ప్రాణానికి కష్టం.
నెల తిరిగింది. కొన్ని రాత్రులు
నాలుగు గంటలు ఒంటిమీద తెలివి లేకుండా పడుకుంటున్నాను.
కొన్ని రాత్రులు అదీ లేదు.

నిన్న మళ్లీ లేచాను.
నడుస్తూ లెక్క కట్టాను.
అమ్మ గది ఏడడుగులు.
నా మూడొందల నలభై ఆ గదిలో నడవాలంటే
నలభై ఎనిమిది సార్లు గోడని తాకాలి.
ఇంకా నాలుగడుగులు మిగులుతాయి.

ఆ నాలుగూ తాళం అవతలివి.