అప్పన్నకే ఏడాదికోసారి

మల్కాపురంలో మా కిటికీ ఊచల మీద
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ బొగ్గుపొడి.
వేలితో పేరు రాసుకోవచ్చు.
నా మొహమ్మీద కూడా ఎవరైనా రాసేస్తారేమోనని
రుద్దేదాన్ని.

పొద్దున వాల్‌నట్ పొడి స్క్రబ్బు,
రాత్రి చుక్కలు లెక్కపెట్టి పూసే యాసిడ్ సీసా,
మధ్యలో ఒక పీచు.
గిన్నెలు తోమేది కాదు గానీ
దానికి మేనత్త కూతురే.
జగదాంబ దగ్గర నేను పనిచేసే చీరల కొట్లో
గుమ్మం పక్క బొమ్మకి చర్మం మీద రంధ్రాలుండవు.
దానితో నా పోటీ.

మొదటి వారం మెరిశాను.
ఏం రాస్తున్నావే అని అడిగారు కూడా.
రెండో వారం
నా చెమటే నాకు కారంలా తగిలింది.
బీచిలో గాలికెదురుగా నిలబడితే
ముక్కలకి ఉప్పు పట్టించినట్టు
సముద్రం నా బుగ్గల్ని ఊరేసింది.

చిన్నప్పుడు అమ్మ "తోలు తీస్తా" అనేది.
ఒక్కసారీ తియ్యలేదు.
ఆ పని నేనే చేసుకున్నాను, జీతండబ్బులు పెట్టి.

నాన్న నూకరాజు, షిప్‌యార్డులో బ్లాస్టింగు పని.
గొట్టంతో గ్రిట్టు కొట్టి ఓడల తుప్పు వలిచే మనిషి.
సింధియా నుంచి సైకిలు మీద వచ్చి
గడప దగ్గరే ఆగిపోయాడు.
"ఏటే గుంటా, మొహమా అది, ఓడ అడుగా?"
నవ్వబోయి, నవ్వలేదు.
"ఇనప్పలకకైనా పొర వలిచాక
పొద్దుగూకేలోగా ప్రైమరెయ్యాల.
ఒట్టిగా ఒదిలేస్తే ఈ గాలికి
తెల్లారేసరికి మళ్లీ తుప్పే.
ఇనువే ఆగదు. నువ్వెలాగ ఆగుతావే?"

పెద్దాసుపత్రి చర్మం ఓపీలో డాక్టరమ్మ
గోరువెచ్చని నీళ్లు, వాసన లేని క్రీము, ఎండకి పూత
రాసి, కాగితం మడిచేసింది.
ఇంకేం చెయ్యాలండీ అన్నాను.
"చెయ్యకుండా ఉండాలి."

ఎంత కష్టమో అది!
పొట్టు లేచిన చోట గిల్లాలనిపించి
నా చేతుల మీద నేనే కూర్చునేదాన్ని.

ఏటా చందనోత్సవానికి కొండెక్కే నాయనమ్మ
వక్క నములుతూ అంది:
"సింహాద్రప్పన్న ఒంటి మీద గంధం
ఏడాదికొక్కరోజే వలుస్తారు.
అదీ వెండి బొరిగెల్తో, నెమ్మదిగా.
ఆ రాత్రికే మళ్లీ పూసేస్తారు.
దేవుడికే అలాగుంటే
నీకేటే, పూటపూటకీ నిజరూపమా?"

ఇంటిల్లిపాదీ నవ్వారు.
నవ్వితే నాకు బుగ్గలు మండాయి.
నవ్వాను.

రుద్దడం నుంచి అద్దడానికి
ఒక్క అక్షరమే తేడా అనుకుంటాం.
నాకు నలభై రోజులు పట్టింది.
ఇప్పుడు అమ్మ పాత నేతచీర ముక్కతో
తడిని అలా అద్దుకుని వదిలేస్తున్నాను.
గడ్డం కింద మచ్చ ఉంది. ఉండనీ.

నిన్న కొట్లో చూశాను,
బొమ్మ ముక్కు మీద దుమ్ము.
మెత్తటి గుడ్డ తీసి
మెల్లగా తుడిచాను,
దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు.