తరాజు ముల్లు

మీరాలం మండీ వెనక గల్లీలో
తరాజులు బాగుచేసే డబ్బా కొట్టు నాది.
ఇరవై ఆరేళ్లుగా
ఊగే ముల్లుని నడిమధ్య నిలబెట్టడమే నా పని.

నిజం చెప్పాలంటే
కొన్నాళ్లు నిలబెట్టకపోవడం కూడా నా పనే.
కుంకుడుకాయంత సీసం సాగగొట్టి
పళ్లెం అడుగున అంటించేవాణ్ని.
పైన మైనం, మైనం మీద మసి.
తూకానికి నలభై గ్రాములు.
షావుకారు నవ్వి చాయ్ గ్లాసు కింద రెండు నోట్లు పెట్టేవాడు.

ఆ పని మానేశాను.
బాప్తిస్మపు తొట్టిలో మునిగి లేచాను.
సిమెంటు తొట్టి, ట్యాంకరు నీళ్లు,
ట్యాంకరు వాడు గంట ఆలస్యం.
లేచేసరికి చెవుల నిండా నీళ్లు,
అందరూ పాడుతుంటే నాకు సగమే వినబడింది.
మిగతా సగం ఇప్పటికీ వినబడలేదు.

ఎందుకంటే, దీపం ఆర్పాక
మా ఇంటి గోడ మీద ఒక తరాజు వేలాడుతుంది.
ఒక పళ్లెంలో నా ప్రార్థనలు,
ఊదితే లేచిపోయే బూరుగు దూది.
రెండో దాంట్లో సీసం.
ముల్లు ఒక్క రాత్రయినా మధ్యకి రాలేదు.
రక్షణ పొందానా అని కూడా అడగను,
పొందినవాడిలా నటిస్తున్నానా
అని అడుగుతాను.
పక్కన మా ఆవిడ నిద్రలో ఒత్తిగిల్లుతుంది.
ఫ్యాను తిరుగుతుంది.

నెల మొదటి ఆదివారం
చాదర్‌ఘాట్ వంతెన అవతల, మా రేకుల మందిరంలో
బల్ల పరుస్తారు.
రొట్టె పళ్లెం నా వరుసకి వచ్చే వేళకి
నేను మెట్ల మీద ఉంటాను,
మూసీ వాసన పీలుస్తూ,
ఎవరి చెప్పులు ఎవరివో లెక్కపెడుతూ.
అట్లా నాలుగు నెలలు.

అయిదో నెల లోయిసమ్మ పట్టుకుంది.
డెబ్బై దాటిన మనిషి. నెత్తి మీద గంపతో
మలక్‌పేట గల్లీల్లో టమాటా, పచ్చిమిర్చి అమ్ముతుంది.
మండీలో ఆమెకి తూచే తరాజు
నా చేతి తరాజే.

చెప్పేశాను. అక్కడే, చెప్పుల మధ్య.
సీసం, మైనం, మసి. పదకొండేళ్లు.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.
"నాకెర్కే బిడ్డా.
గందుకే రోజూ పిడికెడు మిరపకాయలు
ఎక్కువ గుంజుకుంటుంటి.
నీ లెక్క తప్పే, నా లెక్క తప్పే.
ఇద్దరి చిట్టా ఒక్కసారే చింపిండు ఆయన.
నువ్వు ముక్కలేరుకొని మల్ల అతికిస్తున్నవ్."

నేను కదల్లేదు.

"లోపల నిన్ను తూస్తలేరు తీతూ.
ఆకలైతుందా అని అడుగుతున్నరు, గంతే.
కడుపు నిండినోడివైతే ఈడనే కూసో."

ఆకలిగానే ఉంది.

లోపలికి వెళ్లాను.
ఆసాపు అయ్యగారు అరచేతిలో పెట్టిన రొట్టె ముక్క
చూస్తే కుంకుడుకాయంత.
నాలుక మీద బరువే లేదు.
మెరుపులు మెరవలేదు, కన్నీళ్లూ రాలేదు.
ద్రాక్షరసం కాస్త పులుపు.

సోమవారం కొట్టు తెరిచి
పాత తరాజొకటి గోడకి తగిలించాను.
సందులోంచి లారీ పోయింది.
గోడ అదిరింది, పళ్లేలు కొట్టుకున్నాయి,
ముల్లు పిచ్చిదానిలా అటూ ఇటూ.
ఇరవై ఆరేళ్లలో మొదటిసారి
నా చూపు ముల్లు మీంచి పైకి,
మేకు దాకా పోయింది.

ఊగేది దేన్నీ మొయ్యడం లేదు.
మోసేది ఊగడం లేదు.

ముళ్లు ఆయన తలకి వెళ్లాయి,
మేకులు చేతులకి.
నా వంతుకి మిగిలింది వేలాడటమే.

ఈ రాత్రి కూడా గోడ మీదికి తరాజు వస్తుంది, తెలుసు.
రానీ.

మధ్యాహ్నం లోయిసమ్మ తన తుప్పు తక్కెడ తెచ్చి
నా ముందు దబ్బున పెట్టింది.
"సక్కగ చెయ్ బిడ్డా.
పైసలు మాత్రం అడగకు."